ఆదివారం నాటి నలభై నిమిషాలు

ల్యాబు అనగానే జనం తెల్లకోట్లూ గాజుసీసాలూ ఊహించుకుంటారు. ఈ ల్యాబు మాత్రం ఒక పాత భవనం మూడో అంతస్తులో, టైర్ల కంపెనీ ఆఫీసుకీ టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌కీ మధ్య ఇరుక్కున్న రెండు గదులు. బయట బోర్డు కూడా లేదు. లోపల నాలుగు కంప్యూటర్లు, ఒక కెమెరా స్టాండు, లోకంలో ఉన్న చార్జర్లన్నీ చిక్కుపడి పడున్న ఒక అట్టపెట్టె. సైబర్ పోలీసుల చేతికొచ్చిన ఫోన్లన్నీ ఇక్కడికే చేరతాయి. వాటి కడుపులో ఏముందో బయటికి తీసి రిపోర్టు రాసే పిల్లని పోలీసులు ల్యాబమ్మాయి అంటారు. ఇంట్లో పిన్ని మాత్రం ఇరుగుపొరుగుకి "మా అమ్మాయి ఫోన్లు బాగుచేస్తుంది" అనే చెబుతుంది. ఎన్నిసార్లు సరిదిద్దినా అంతే. చివరికి ల్యాబమ్మాయే విసుగొచ్చి, పై అంతస్తు వాళ్ళ ఫోనుకి పగిలిన గ్లాసు మార్చి ఇచ్చింది.

ఆ శుక్రవారం నాలుగింటికి అద్దాలమ్మాయి ఫోను వచ్చింది. ఫోనుతోపాటు అద్దాలమ్మాయీ వచ్చింది.

రెండు వీధుల అవతల కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేసే మనిషి ఆమె. "ఇది బాగా కనిపిస్తోందా, ఇదా?" అని రోజంతా మెత్తగా అడిగే గొంతు. ఎనిమిది నెలలుగా ఎవరో ఆమెకి రాస్తున్నారు. పేరు లేదు, ఫొటో లేదు. ఒక ఖాతా బ్లాక్ చేస్తే గంటలో ఇంకోటి. ఏ డ్రెస్సు వేసుకుందో, ఏ బస్సెక్కిందో, ఎవరితో నవ్విందో, అదే రాత. చదివిన పది నిమిషాలకి మెసేజు తనంతట తనే మాయమైపోతుంది. చదవకుండా వదిలేస్తే పంపినవాడే వెనక్కి తీసేసుకుంటాడు.

"స్క్రీన్‌షాట్లు తీశాను మేడమ్. వంద పైనే ఉన్నాయి," అంది తనని తీసుకొచ్చిన సైబర్ ఇన్‌స్పెక్టర్ మేడమ్‌తో.

"తీసినప్పుడల్లా ఆ యాప్ వాడికి చెప్పేసుంటుందమ్మా. పైగా కోర్టులో అవి మీరే తయారుచేశారంటారు. నాకు ఫోను కావాలి. అది ఆన్‌లో ఉండాలి, వాడు పంపుతూ ఉండాలి, మా పిల్ల వేరే కెమెరాతో ఫొటోలు తియ్యాలి."

"అంటే, ఆపించరా?"

"ఇప్పుడే ఆపితే వాడెవడో ఎప్పటికీ తెలీదు."

అద్దాలమ్మాయి ఫోను బల్ల మీద పెట్టింది. పెట్టి, చున్నీకి చెయ్యి తుడుచుకుంది. ఫోను ఇచ్చినట్టు ఎవరికీ చెప్పొద్దని, వారం రోజులు అమ్మ దగ్గరికి వెళ్ళిపొమ్మని మేడమ్ చెప్పింది. సరేనంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ల్యాబమ్మాయి వైపు తిరిగి, "మీకిస్తున్నందుకు ఏమనుకోకండి," అంది, ఏదో తన ఇంటి చెత్తసంచీ పక్కింటి ముందు పెట్టినట్టు.

అసలు తిప్పలు అయిదింటికి మొదలయ్యాయి. టైర్ల ఆఫీసులో ఒకసారి షార్ట్ సర్క్యూట్ అయిన దగ్గర్నుంచీ శని, ఆదివారాలు భవనానికి కరెంటు మెయిన్ ఆపేస్తున్నారు. ఇక సాక్ష్యాల స్టోరులో పెడదామంటే, అక్కడ ప్రతి ఫోనూ సిగ్నల్ అందని సంచీలో పడుకోవాల్సిందే.

"బాబాయ్, ఈ ఒక్కదాన్ని సంచీలో వెయ్యకుండా ఉంచు. మెసేజులు రావాలి," అంది ల్యాబమ్మాయి.

స్టోరు బాబాయ్ ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క సూది కూడా పోగొట్టని హెడ్ కానిస్టేబులు. "సంచీ లేకుండా నా స్టోర్లోకి నేనే రాను," అన్నాడు. "రిజిస్టర్లో నీ దగ్గరున్నట్టే రాసుందిగా, 'పరిశీలకురాలి కస్టడీ' అని. మేడమ్‌ని అడిగి ఏదో ఒకటి ఏర్పాటు చేసుకో," అని రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేసి బస్సుకి పరిగెత్తాడు.

మేడమ్ మీటింగులో ఉంది. ఒక మెసేజు పెడితే చాలు. ల్యాబమ్మాయి పెట్టలేదు, అడిగితే వద్దంటుందని తెలుసు కాబట్టి. రాతపూర్వకమైన అనుమతి లేకుండా సాక్ష్యం ల్యాబు దాటకూడదు. అయితే ఆమె తనకి తాను ఇలా చెప్పుకుంది: కస్టడీ పరిశీలకురాలిది. పరిశీలకురాలు నేను. కాబట్టి నేనెక్కడుంటే అక్కడే కస్టడీ. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినంత తేలిగ్గా ఉంది తర్కం. తొక్క ఎక్కడ పడిందో అప్పుడు చూసుకోలేదు. ఫోనూ, ల్యాబు కెమెరా, చిన్న స్టాండూ బ్యాగులో వేసుకుని ఇంటికెళ్ళింది.

ఇంట్లో లోపలి గదిలో తన బల్ల మీద ఫోను చార్జింగుకి పెట్టి, ఎదురుగా కెమెరా బిగించింది. ఏడింటికి మొదటిది వచ్చింది.

"షాపు నుంచి ఇటెందుకు వచ్చావు?"

ఫొటో తీసింది. తీశాక ఇంకోసారి చదివింది. అద్దాలమ్మాయి ఊళ్ళోనే లేదు. షాపు దగ్గర్నుంచి ఇటు వచ్చినది ఫోను. ల్యాబు ఆ షాపుకి రెండు వీధుల దూరం కాబట్టి మ్యాపులో చుక్క కదిలినట్టు కూడా కనిపించి ఉండదు. ఇప్పుడు కదిలింది. అంటే వాడు చూస్తున్నది మనిషిని కాదు, ఫోనుని. ల్యాబమ్మాయికి ముందు సంతోషమేసింది, లెక్కకి దారి దొరికిన సంతోషం. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఆ చుక్క ఇప్పుడు తన బల్ల మీదుంది.

శనివారం ఆరు మెసేజులు. "ఈ వీధి నాకు తెలుసు." "ఎదురుగా మందుల షాపు ఉంటుంది." మధ్యాహ్నం ఒకటి మాత్రం చాలాసేపు ఆమె మెడ మీద చెయ్యి వేసినట్టు ఉండిపోయింది: "ఇంత త్వరగా ఎప్పుడూ చదవలేదు నువ్వు. పంపిన నిమిషంలో చూస్తున్నావు. అంటే నీకూ ఇష్టమే."

చదివినట్టు గుర్తు అవతలివాడికి కనబడుతుందన్న సంగతి ఆమెకి తెలియనిదా! తెలిసే, ఒక్కటీ మాయం కాకూడదని వచ్చింది వచ్చినట్టు తెరిచింది. అద్దాలమ్మాయి ఎనిమిది నెలల్లో చెయ్యని పని తను ఒక్క రోజులో చేసింది. వాడికి జవాబిచ్చింది.

ఆదివారం పొద్దున పది దాటి అయిదు నిమిషాలు. "నాలుగో అంతస్తు బాల్కనీలో ఎర్ర దుప్పటి."

పిన్ని ఆ దుప్పటి ఆరేసి పావుగంట కూడా కాలేదు.

ల్యాబమ్మాయి లేచి గది తలుపు గడియపెట్టింది. కిటికీ తెర వేలెడు పక్కకి జరిపి చూసింది. కింద వీధి మామూలుగా ఉంది. కూరల సంచీతో ఒకాయన. స్కూటరు తుడుస్తున్న ఒకడు. మందుల షాపు మెట్ల మీద ఇద్దరు ముగ్గురు. అందరూ మనుషుల్లాగే ఉన్నారు. అదే భయం.

మేడమ్ నంబరు తన ఫోను తెర మీద పెట్టింది. నొక్కితే పది నిమిషాల్లో జీపు వస్తుంది. కానీ మేడమ్ అడిగే మొదటి ప్రశ్న "ఫోను ఎక్కడుంది?" రెండో ప్రశ్న ఉండదు, మెమో ఉంటుంది. ఉద్యోగంలో చేరి పద్నాలుగు నెలలు. ఇంకో పది నెలలైతే పర్మనెంటు. ఇదిగో చేస్తాను, ఇప్పుడే చేస్తాను అనుకుంటూ వేలు గాల్లో పెట్టుకుని కూర్చుంది. ముందు గదిలో పిన్ని ఎవరితోనో మాట్లాడుతోంది. పిన్ని ఎప్పుడూ ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటుంది. టీవీతో, కుక్కరుతో, కుండీల్లో మొక్కలతో. పదిన్నరకి ఇంకోటి వచ్చింది.

"మీ ఇంట్లో నీళ్ళు చల్లగా ఉన్నాయి."

పిచ్చి ముదిరింది అనుకుని ఫొటో తీసింది. పదీ నలభై అయిదుకి "వెళ్తున్నాను" అని వచ్చింది. ఫోను పక్కన పెట్టేసి, ఇక చెయ్యక్కర్లేదు కదా అనుకుంది. అలా అనుకున్నందుకే తర్వాత చాలాకాలం తనని తాను క్షమించుకోలేదు.

సోమవారం మేడమ్ అడిగింది, "వారాంతంలో ఏమన్నా వచ్చాయా?"

"కొన్ని వచ్చాయి మేడమ్. రిపోర్టులో పెడతాను."

అబద్ధం కాదు. ల్యాబులో కూర్చుని తీసినట్టే ఉంటుంది రిపోర్టు. చదివిన మెసేజులు ఫోనులోంచి ఎప్పుడో మాయమయ్యాయి. ఉన్నవల్లా కెమెరా కార్డులో తను తీసిన ఫొటోలు, ఆ కార్డు తన సొరుగులో ఉంది. ఇల్లూ వీధీ దుప్పటీ ఉన్నవి తీసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ మధ్యాహ్నమే ఫోను లోపలంతా తవ్వింది. పోయిన ఫోను వెతుక్కునే సదుపాయం ఎవరిదో ఒక ట్యాబ్లెట్‌కి ముడిపడి ఉంది. రెండేళ్ళ కిందట ఫోను కొన్న రోజే ఎవరో కట్టిన ముడి. అద్దాలమ్మాయికి వాళ్ళమ్మ నంబరు మీద ఫోన్ చేశారు.

"సెట్ చేసింది అన్నయ్య," అంది. "అన్నయ్య అంటే సొంత అన్నయ్య కాదు. షాపులో లెన్సులు అరగదీసేవాడు. అందరం అన్నయ్యా అనే పిలిచేవాళ్ళం. ఆరు నెలల కిందట మానేశాడు. ఆయన కాదు మేడమ్. పోయిన నెల నాకు జ్వరమొస్తే మందులు తెచ్చిచ్చిన మనిషి."

"మీకు జ్వరమని ఆయనకి ఎలా తెలిసింది?" అంది మేడమ్.



బుధవారం అన్నయ్యని పిలిపించారు. ఇస్త్రీ చొక్కా, జేబులో లెన్సులు తుడుచుకునే గుడ్డ. కూర్చోమంటే గానీ కూర్చోలేదు. "ట్యాబ్లెట్ షాపు వర్కు రూములోనే వదిలేసి వచ్చాను మేడమ్. ఎవరైనా వాడి ఉండొచ్చు. పాపం ఆ అమ్మాయి, ఎంత నలిగిపోయిందో," అన్నాడు. షాపులో ట్యాబ్లెట్ లేదు. మెసేజుల ఖాతాలన్నీ బస్టాండులో ఎవరికైనా దొరికే ఉచిత వైఫై మీద తెరిచినవి. సాయంత్రానికి పంపించెయ్యక తప్పలేదు.

"వీడే," అంది మేడమ్, టీ గ్లాసు తిప్పుతూ. "ఫోను ఎక్కడుందో చూసి, అక్కడికి స్వయంగా వెళ్ళాడని ఒక్కటంటే ఒక్క రుజువు ఉంటే చాలు. లేకపోతే మనం కాగితాలు కట్టేసుకోవడమే. ఏమ్మా ల్యాబూ, మాట్లాడవేం? నాలిక స్టోర్లో పెట్టొచ్చావా?"

ల్యాబమ్మాయి తేలు కుట్టిన దొంగలా నవ్వింది.

రుజువు ఎక్కడుందో ఆమెకి తెలుసు. మందుల షాపు కెమెరా. దాన్ని బిగించిపెట్టింది తనే; "ఫోన్లు బాగుచేసే అమ్మాయి కదా" అని షాపాయన పిన్నిని బతిమాలితే. ఏడు రోజులు నిండగానే పాతదాని మీదే కొత్తది ఎక్కుతుందని ఆయనకి చెప్పిందీ తనే. వచ్చే ఆదివారం పది గంటలకి పోయిన ఆదివారం పది గంటలు చెరిగిపోతాయి. మాట్లాడకుండా ఉంటే చాలు, మిషనే మిగతాది చూసుకుంటుంది.

బుధవారం సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఆ కెమెరా కింద నిలబడింది. చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. అద్దాలమ్మాయి చెయ్యి తుడుచుకున్న తీరు గుర్తొచ్చింది. వారం రోజులు అమ్మ దగ్గరని వెళ్ళిన మనిషి ఎల్లుండి తిరిగొస్తోంది, "అన్నయ్య" బయటే ఉన్న ఊరికి.

గురువారం పొద్దున్నే ల్యాబమ్మాయి మేడమ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసి, మొత్తం చెప్పింది. కార్డు బల్ల మీద పెట్టింది. మేడమ్ ఒక్కొక్క ఫొటో చూసింది. అరవలేదు. అరిస్తే బావుండేది.

"పదీ అయిదుకి వాడు వీధిలో ఉన్నాడు. నువ్వు నాకు ఫోన్ చెయ్యలేదు."

"లేదు మేడమ్."

"వస్తే చేత్తో పట్టుకునేదాన్ని."

"తెలుసు మేడమ్."

"తెలిసి ఏం లాభం?" మేడమ్ లేచి టోపీ తీసుకుంది. "పద, ముందు ఆ వీడియో. నీ సంగతి తర్వాత."

మందుల షాపు వెనక గదిలో అట్టపెట్టెల మధ్య నలుగురూ నిలబడి చూశారు: మేడమ్, ల్యాబమ్మాయి, షాపాయన, ఎవరూ పిలవకపోయినా వచ్చిన పిన్ని. పదింటికి అన్నయ్య తెర మీదకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. దగ్గుమందు కొన్నాడు. మెట్ల మీద నిలబడి పైకి చూశాడు. ట్యాబ్లెట్ తీసి టైపు చేశాడు. మేడమ్ గట్టిగా ఊపిరి వదిలింది.

పదీ ఇరవైకి పిన్ని బజారు నుంచి వచ్చింది, రెండు చేతులా సంచులతో. దుప్పటి ఆరేసి బజారుకెళ్ళిందని ల్యాబమ్మాయికి అప్పటిదాకా తెలియదు. తెర మీద అన్నయ్య ఎదురెళ్ళి ఒక సంచీ అందుకున్నాడు. ఇద్దరూ గేటు లోపలికి వెళ్ళారు.

"ఆ అబ్బాయా!" అంది పిన్ని. "లిఫ్టు పనిచెయ్యట్లేదని నాలుగంతస్తులూ మోసుకొచ్చాడు పాపం. ఎంత మర్యాదో. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను."

తెర మీద ఖాళీ గేటు. కింద అంకెలు కదులుతున్నాయి. పదీ ముప్ఫై. పదీ ముప్ఫై అయిదు. పదీ నలభై. మధ్యలో ఒక పల్చటి తలుపు, ఒక గడియ. అటు అతను నీళ్ళు తాగుతున్నాడు, ఇటు తను వేలు గాల్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"మా అమ్మాయి లోపలుంది, తలనొప్పిగా ఉందేమో తలుపేసుకుంది అన్నాను," అంది పిన్ని. "లేపొద్దులెండి ఆంటీ, పడుకోనివ్వండి అన్నాడే."

ఆ సాయంత్రం పిన్ని ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ బయటికి తీసింది. ఏ గ్లాసులో ఇచ్చిందో గుర్తురాక ఆరింటినీ పారేసింది. రెండు రోజులు ఇద్దరూ చెంబుతో తాగారు.

రిజిస్టరు సంగతి మిగిలింది. "శుక్రవారం గడిలో రాసేస్తాను బాబాయ్, ఇంటికి తీసుకెళ్ళినట్టు," అంది ల్యాబమ్మాయి. స్టోరు బాబాయ్ రిజిస్టరు మీద అరచెయ్యి పెట్టేశాడు.

"వెనక తేదీ వెయ్యనివ్వను తల్లీ. ఇవాళ్టి తేదీ వెయ్యి. ఇవాళ చెబుతున్నానని రాయి. ఆరు రోజులు ఎందుకు చెప్పలేదో అదీ రాయి."

"అది రాస్తే నా పని అయిపోయినట్టే."

"నీ పని అవుతుందేమో. కేసు నిలబడుతుంది. నేను కూడా బస్సు కోసం పరిగెత్తాను. అది నా గడిలో నేను రాసుకుంటా," అన్నాడు.

రాసింది. శనివారం అన్నయ్యని అరెస్టు చేశారు. ట్యాబ్లెట్ అతని మంచం కింద, కొత్త కళ్ళద్దాల పెట్టెలో దొరికింది. సోమవారానికి ల్యాబమ్మాయికి మెమో వచ్చింది, ల్యాబు నుంచి ఫిర్యాదుల కౌంటరుకి బదిలీతో సహా. పర్మనెంటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పేరు మాత్రం ల్యాబమ్మాయిగానే ఉండిపోయింది.

కోర్టులో ఆమె వంతు తొమ్మిది నెలలకి వచ్చింది. అన్నయ్య అప్పటికి బెయిలు మీద ఉన్నాడు. అతని వకీలు నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"సాక్ష్యం ల్యాబు దాటకూడదన్న నియమం మీకు తెలుసా?"

"తెలుసండి."

"తెలిసే దాటించారు. ఆ నలభై నిమిషాలూ ఏం చేశారు?"

"భయపడ్డాను."

"నా క్లయింటుకా?"

"ఉద్యోగానికండి."

వెనక ఎవరో నవ్వారు. జడ్జిగారు కళ్ళద్దాల మీదుగా చూస్తే ఆగిపోయారు.

"ఉద్యోగం కోసం ఆరు రోజులు దాచినవారు, అదే ఉద్యోగం కోసం ఈ మెసేజులు సృష్టించలేరా?"

"టైపు చెయ్యడం పెద్ద పనేం కాదండి. మెసేజులు నేను సృష్టించగలను. గేటులోకి వెళ్ళిన మనిషిని సృష్టించలేను కదా."

వకీలు కాగితం తిప్పాడు. "సాక్షి ఆఫీసు చిరునామా ఇచ్చారు. జరిగిందంటున్నది ఒక ఇంట్లో. ఆ ఇల్లు ఎవరిదో, అందులో ఎవరుంటారో రికార్డులోకి రావాలి."

"ఇబ్బందైతే రాసివ్వండమ్మా," అన్నారు జడ్జిగారు. రాసిచ్చినా ఒక ప్రతి అటు బల్లకి వెళుతుంది. చెప్పకపోతే వీడియోకీ మెసేజులకీ ముడి పడదు. ఆమె బోను కర్ర పట్టుకుని చెప్పింది. ఇంటి నంబరు, వీధి, నాలుగో అంతస్తు. "ఉండేది నేనూ, మా పిన్నీ."

అప్పటిదాకా అన్నయ్య తల దించుకుని లెన్సుల గుడ్డ మడతపెట్టుకుంటున్నాడు. ఆ ఇల్లు అద్దాలమ్మాయి బంధువులదని అతను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడని ల్యాబమ్మాయికి అప్పుడు తట్టింది. తల ఎత్తాడు. ఆ మూడు రోజులూ పంపిన నిమిషంలో చదివినది ఎవరో అతనికి అర్థమైంది. కోపం లేదు మొహంలో. చాలాకాలంగా ఉత్తరాల్లోనే తెలిసిన మనిషి ఎదురుపడితే పలకరించినట్టు, చిన్నగా తల ఊపాడు.

జడ్జిగారు ఆదివారం నాటి మెసేజులనీ వీడియోనీ సాక్ష్యంగా తీసుకున్నారు. ల్యాబమ్మాయి తప్పు చేసిందని, ఆలస్యం చేసిందని, అయినా వెనక తేదీ వెయ్యకుండా, చెప్పిన రోజు తేదీతోనే రాసినందువల్ల నమ్ముతున్నామని చదివారు. తీర్పు వచ్చే నెల. అప్పటిదాకా బెయిలు, ఇద్దరు ఆడవాళ్ళ దరిదాపులకీ వెళ్ళకూడదన్న షరతు మీద. నిన్నటిదాకా ఆ కాగితంలో అద్దాలమ్మాయి పేరొక్కటే ఉండేది, ఇప్పుడు ల్యాబమ్మాయిదీ చేరింది.

బయట మెట్ల మీద అద్దాలమ్మాయి నిలబడి ఉంది.

"ఆ నలభై నిమిషాల సంగతి నాకు ముందే చెప్పాల్సింది మీరు," అంది.

"చెప్పాల్సింది. సారీ."

"కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది." పక్కన నడవడం మొదలుపెట్టింది. "నిద్ర పడుతోందా?"

"లేదు."

"పట్టదు. గడియ పెట్టానా లేదా అని లేస్తుంటారు కదా? లేచినప్పుడు గడియని ముట్టుకుని, పైకి అనండి, పెట్టాను అని. చెవితో వింటే గుర్తుంటుంది."

బస్టాపు దాకా వెళ్ళాక ల్యాబమ్మాయి వెనక్కి తిరిగి చూడబోయింది. అద్దాలమ్మాయి మోచెయ్యి పట్టుకుంది. "తిరగకండి. ఇలా రండి." పక్కనే కర్టెన్ల షాపు. పెద్ద అద్దం. లోపల పూల డిజైన్లు, వాటి మీద పల్చగా వీధంతా. "మొహాలు చూడకండి, మొహం చటుక్కున తిప్పేసుకుంటారు. చెప్పులు చూడండి. ఇందాక కోర్టు దగ్గర చూసిన చెప్పులు ఇక్కడ మళ్ళీ కనిపిస్తున్నాయా?"

"ఆ నల్ల బూట్లు?"

"అవి వకీళ్ళవి. అవి కాదు."

"గోధుమరంగువి?"

అద్దాలమ్మాయి తల కొంచెం పక్కకి వంచి, షాపులో అడిగే ఆ మెత్తని గొంతుతోనే అంది, "ఆగండి. వాటిని కదలనివ్వండి."

బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ ఎక్కలేదు.